మన వాకిలి ఎక్కడికి పోయింది? అరుగు నుంచి ఆర్టిఫిషియల్ గ్రాస్ దాకా

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం మా నాన్న వాట్సాప్‌లో పంపిన ఒక కొటేషన్. హైదరాబాద్ శివార్లలో మాకు రెండొందల గజాల స్థలంలో ఇల్లుంది. ఇంటి ముందూ పక్కలా కలిపి ఓ అరవై గజాలు ఖాళీ. అక్కడ మట్టి, రెండు మందార మొక్కలు, ఒక జామ చెట్టు ఉన్నాయి. కొటేషన్‌లో ఏముందంటే: చెట్టు తీసేయడం, మొత్తం సిమెంట్ చేసి పార్కింగ్ టైల్స్ వేయడం, గేటు పక్కన ఓ మూల ఆర్టిఫిషియల్ గ్రాస్, కాంపౌండ్ వాల్ ఇంకో రెండడుగులు ఎత్తు లేపడం. కింద నాన్న మెసేజ్: "నీట్‌గా ఉంటుంది కదా, ఏమంటావ్?"

నేను "ఓకే" అని టైప్ చేశాను. పంపే ముందు ఒక డౌట్ వచ్చింది. అసలు ఇంటి చుట్టూ ఖాళీ స్థలం ఎందుకుంటుంది? దాన్ని ఎలా వాడాలో మనకి ఎవరు నేర్పారు? అలా మొదలుపెట్టి రెండు వారాలు చదివాను. అదే ఈరోజు మీకు చెప్తాను.

ముందు అరుగు దగ్గర మొదలుపెడదాం. మీలో చాలామందికి అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అరుగు గుర్తుండే ఉంటుంది. వీధి గుమ్మానికి అటూ ఇటూ, పైన చూరు నీడ, మోకాలెత్తు దిమ్మె. ఇంగ్లిష్ వాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లో దీన్ని 'పయాల్' అని రాసుకున్నారు. అది ఇంగ్లిష్ మాట కాదు, పోర్చుగీసు వాళ్ల 'పొయాల్' నుంచి వచ్చింది. కూర్చునే దిమ్మె అని అర్థం. తీరానికి వచ్చిన విదేశీయుల కంట్లో మన ఇళ్లలో మొదట పడింది ఇదేనేమో!

వాళ్ల రికార్డుల్లోకి ఎందుకెక్కిందంటే, బడి నడిచింది దాని మీదే కాబట్టి. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమని కలెక్టర్లని అడిగాడు. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ పంపిన రిపోర్టులో 533 బడులున్నాయి. వాటిలో 226 తెలుగు బడులు. పిల్లలు ముందుగా నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారని కూడా రాశాడు. వీటికి పెద్ద బిల్డింగులేమీ లేవు. ఎవరో ఒకరి అరుగు, లేదంటే గుడి మండపం, చెట్టు నీడ. మనం 'వీధి బడి' అన్నదాన్నే వాళ్లు 'పయాల్ స్కూల్' అన్నారు. అంటే ఒక ఇంటి ముందు భాగం ఊరికి క్లాస్‌రూమ్‌గా పనిచేసింది. ఆ స్థలం ఇంటివాళ్లదే, కానీ ఇంటివాళ్ల కోసం మాత్రమే కాదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. "ఆ రోజుల్లో ఎంత బాగుండేదో" అని చెప్పి వెళ్లిపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ అరుగు మీద అందరూ కూర్చోలేదు. కులాన్ని బట్టి కొందరు పైన కూర్చున్నారు, కొందరు కింద కూర్చున్నారు, కొందరిని వాకిట్లోకే రానివ్వలేదు. నీళ్లు అడిగితే దోసిట్లో పోసిన ఇళ్లున్నాయి. ఆ బడుల్లో ఆడపిల్లల సంఖ్య కూడా చాలా తక్కువ. కాబట్టి అరుగంటే ప్రేమ అనుకోవద్దు. అరుగంటే ఒక ప్రశ్న: ఈ ఇంటి ముందుకి ఎవరు రావచ్చు? ప్రతి తరం దానికి తనదైన జవాబు కట్టుకుంది. ఎత్తు గోడ, ఇనుప గేటు, సీసీ కెమెరా కూడా జవాబులే.

ఇంటి వెనక్కి వెళ్దాం. పెరడు. ముందు వాకిలి మనుషులదైతే, పెరడు నీళ్లది. నుయ్యి, పక్కన గిన్నెలు తోమే రాయి, స్నానాల చోటు. అక్కడ వాడిన నీళ్లు చిన్న కాలవలో అరటి పాదుకి వెళ్లేవి, ఆ పక్కనే కంద, చేమ. కాస్త పొడిగా ఉన్నచోట కరివేపాకు, పందిరి మీద చిక్కుడో ఆనపో. మనం ఇప్పుడు 'గ్రే వాటర్ రీయూజ్' అని స్లైడ్ పెట్టి చెప్తామే, అది మా అమ్మమ్మ పేరేమీ పెట్టకుండా చేసింది. కోస్తాలో మండువా ఇళ్లు చూస్తే ఇంటి మధ్యలోనే పైకప్పు వదిలేశారు. నాలుగు వైపుల నుంచీ వాన నీళ్లు మండువాలో పడి తూము గుండా బయటికి పోతాయి. వాన ఎటు పడి ఎటు పోవాలో తేల్చుకున్నాకే ఆ ఇల్లు కట్టారు. అయితే ఆ పెరటి పని అంతా ఆడవాళ్ల నడుం మీద నడిచింది. నూతిలోంచి తోడిన ప్రతి బిందె వెనకా ఒక మనిషి ఉంది. అదీ మర్చిపోకూడదు.

ఇంకో సర్‌ప్రైజ్. "మన పెరటి చెట్లు" అనుకుంటామే, వాటిలో చాలా వలస వచ్చినవే. జామ, బొప్పాయి, సీతాఫలం, గుడి దగ్గర పూసే దేవగన్నేరు, చివరికి గుమ్మానికి కట్టే బంతిపూలు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. గేటు మీద పాకే కాగితం పూల తీగని ఫ్రెంచి నావికుడు బొగైన్‌విల్ యాత్రలో, 1767లో, రియో దగ్గర ఒక వృక్షశాస్త్రవేత్త గుర్తించి కెప్టెన్ పేరు పెట్టాడు. వచ్చినవాటిని మన పెరడు వద్దనలేదు. కాకపోతే తినడానికో, పూజకో, నీడకో, ఏదో ఒక పనికొస్తేనే ఉంచుకుంది.

మరి ఏ పనికీ రాని ఆకుపచ్చ నేల, అంటే లాన్, ఎక్కడిది? ఇంగ్లండ్‌లో ఏడాది పొడుగునా కాస్తో కూస్తో వాన, చల్లదనం. గడ్డి దానంతటదే పెరుగుతుంది. 18వ శతాబ్దంలో 'కేపబిలిటీ' బ్రౌన్ అనే తోటల డిజైనర్ జమీందారుల భవనాల గోడల దాకా పచ్చిక పరిచాడు. దాన్ని పొట్టిగా ఉంచాలంటే గొర్రెలు మేయాలి, లేదా కొడవళ్లు పట్టుకుని పనివాళ్లు కోయాలి. అంటే లాన్ ఉందంటే అర్థం: "పంట వేయాల్సిన అవసరం లేనంత భూమి, గడ్డి కోయించేంత డబ్బు నా దగ్గరున్నాయి." అది ఒక స్టేటస్. ఇప్పటి వాట్సాప్ స్టేటస్ లాంటిదే అనుకోండి.

1830లో స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్ ఒక మెషిన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీద పైకి లేచిన నూగుని సమంగా కత్తిరించే యంత్రం ఉండేది. అది చూసి, ఇదే గడ్డి మీద తిప్పితే పోలా అనుకున్నాడు. అదే లాన్ మోవర్. దాంతో జమీందారు స్టేటస్ మధ్యతరగతి ఇంటికి దిగింది. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో వేల ఇళ్లు ఒకే మోడల్‌లో కట్టడం మొదలైంది. అక్కడ ఇంటి ముందు గడ్డి వారం వారం కోయాలని రూలే ఉండేది. ఆ సినిమాలు, ఆ ఫొటోలు చూసే మనకి 'మంచి ఇల్లు' అంటే ముందు పచ్చటి కార్పెట్ అని ఫిక్సయిపోయింది.

మన దగ్గర లాన్‌ని తెల్లదొరల బంగ్లాలు తెచ్చాయి. వాళ్లతోపాటు 'కాంపౌండ్' అనే మాట కూడా స్థిరపడింది. అది మలయ్ భాషలోని 'కంపొంగ్' నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. వీధికి ఆనుకున్న అరుగు పోయి, వీధికి దూరంగా తోట మధ్యలో ఇల్లు వచ్చింది. తమాషా ఏంటంటే, మన నర్సరీల్లో 'బెర్ముడా గ్రాస్' అని అడిగి మరీ కొంటామే, దాని మూల జాతి మన గరికే! వినాయక చవితికి ఊరికే పీక్కొచ్చేదానికి ఇంగ్లిష్ పేరు పెడితే చదరపు అడుగు లెక్కన కొంటున్నాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

ఆ మూల పరుస్తామన్న ప్లాస్టిక్ గడ్డికీ కథ ఉంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1965లో ఆస్ట్రోడోమ్ అనే పైకప్పున్న స్టేడియం తెరిచారు. ఎండ కోసం పైన పారదర్శకమైన పలకలు పెట్టారు. ఆ వెలుగుకి ఆటగాళ్లకి బంతి కనపడలేదు. సరేనని పలకలకి రంగు వేస్తే ఎండ తగలక గడ్డి చచ్చిపోయింది. 1966లో అక్కడ ప్లాస్టిక్ గడ్డి పరిచారు. 'ఆస్ట్రోటర్ఫ్' పేరు అలా వచ్చిందే. అంటే ఎండ రాని చోటుకి పరిష్కారంగా పేరు తెచ్చుకున్న వస్తువుని, మనం ఎండ తప్ప ఇంకేమీ లేని వాకిట్లో పరుస్తున్నాం. ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా దాని మీద నిలబడి చూడండి, మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు మా అరవై గజాలకి వద్దాం. మనం ఇంజినీర్లం కదా, లెక్క వేద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. అరవై గజాలు అంటే సుమారు 50 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన. అంటే ఆ ఖాళీ స్థలం మీద మాత్రమే ఏడాదికి 40,000 లీటర్లు పడతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది! డాబా మీద పడేది దీనికి అదనం. పడిందంతా ఇంకదు, కొంత ఆవిరవుతుంది, నిజమే. కానీ మొత్తం టైల్స్ వేస్తే దాదాపు అంతా రోడ్డు మీదికే పోతుంది. వేసవిలో బోరు ఎండి ట్యాంకర్ కోసం ఫోన్లు చేసేదీ మేమే, వానాకాలంలో వీధి మునిగిందని వీడియో తీసేదీ మేమే. 2020 అక్టోబరు వాన గుర్తుంది కదా? అప్పుడు మా వీధిలో నీళ్లు గేటు దాకా వచ్చాయి. అందులో మా ఇంటి నీళ్లూ ఉన్నాయి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2002లో నీళ్లు, నేల, చెట్ల కోసం వాల్టా చట్టం వచ్చింది. 2012లో జీవో 168 బిల్డింగ్ రూల్స్ వచ్చాయి. గోడకీ గోడకీ మధ్య ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, వదలమంటాయి. వదులుతున్నాం, మీద సిమెంట్ పోస్తున్నాం. కాగితం మీద ఖాళీ, నేలకి మాత్రం మూత.

ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. "బురద ఎవరు కడుగుతారు? కారు ఎక్కడ పెడతావు?" అమ్మ ఇంకోటి అడిగింది: "రాలిన ఆకులు ఊడ్చేది నువ్వా?" న్యాయమైన ప్రశ్నలే. పెరటి చాకిరీ గురించి చరిత్ర చెప్పినవాడిని అమ్మకి జవాబు చెప్పాలి కదా.

చివరికి కూర్చుని ఒక కాగితం మీద ప్లాన్ గీశాం. మొదట గీసింది మొక్కలు కాదు, బాణం గుర్తులు: వాన నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో. పల్లంగా ఉన్న మూల, పునాదికీ సంపుకీ సెప్టిక్ ట్యాంకుకీ దూరంగా ఇంకుడు గుంత. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. డాబా పైపు దాంట్లోకే. కారుకి, చక్రాలు నడిచేచోట రెండు వరసలు తాండూరు బండలు, మధ్యలో మట్టి, గరిక. నడిచే దారిలో బండల మధ్య రెండంగుళాల సందు. పక్క సందులో అమ్మ అడిగినట్టే టైల్స్, గిన్నెలు తోమేది అక్కడే కాబట్టి. ఆ నీళ్లు పైపుతో అరటి పాదుకి. జామ చెట్టు ఉంటుంది. ఆకులు ఊడ్చే డ్యూటీ ఆదివారం నాది, మిగతా రోజులు నాన్నది. వాట్సాప్ గ్రూపులో రాసి మరీ పెట్టాం.

గోడ ఎత్తు లేపలేదు. గోడకి లోపల, జామ నీడలో, మోకాలెత్తు అరుగు కట్టించాం. పైన నాపరాయి. రోడ్డు మీద కడితే ఆక్రమణ అవుతుంది కాబట్టి గేటు లోపలే. నాన్న మేస్త్రీ ముందే అన్నారు, "ఎవరు పడితే వాళ్లు వచ్చి కూర్చుంటారు రా" అని. "కూర్చోనీ నాన్నా" అన్నాను. గట్టిగా అనలేదు, నాకూ కొంచెం భయంగానే ఉంది.

పోయిన వారం మధ్యాహ్నం పార్సిల్ తెచ్చిన కుర్రాడు ఓటీపీ కోసం నిలబడ్డాడు. అమ్మ ఫోన్ వెతుక్కుంటోంది. నాన్నే గేటు తీసి, "కూర్చో బాబూ, నీడగా ఉంది" అని మంచినీళ్ల సీసా తెచ్చిచ్చారు. అతను హెల్మెట్ తీసి అరుగు మీద పెట్టి, రెండు నిమిషాలు కూర్చుని వెళ్లాడు. నాన్న నాతో దాని గురించేమీ అనలేదు. సాయంత్రం మాత్రం, అరుగు ఇంకో రెండడుగులు పొడుగు చేయించొచ్చేమో అన్నారు.

సో, మీ ఇంటి ముందు కూడా ఖాళీ ఉంటే, టైల్స్ షాపుకి వెళ్లే ముందు ఒక వాన రోజు గొడుగేసుకుని పది నిమిషాలు నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. మీ అమ్మమ్మ వాళ్ల అరుగు మీద ఎవరు కూర్చునేవారో, ఎవరిని కూర్చోనివ్వలేదో కూడా ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.