ఇరవై ఎనిమిది, మళ్లీ ఇరవై ఎనిమిది

నంద్యాల ప్రాంతపు సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిసి 50 ఏళ్లయింది. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీవారు అడిగారు. కథ మాత్రం 1975లో మొదలు కాలేదు.

1919 మేలో తరంగంబాడిలో 33 మంది సంఘాల ఐక్యత గురించి మాట్లాడటానికి కూర్చున్నారు. ఇద్దరు తప్ప అందరూ మన దేశస్థులే. వారిలో ముఖ్యులు మన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు. చిక్కంతా ఒక్కటే: సంఘంలో పెత్తనం ఎవరిది? ఆంగ్లికన్లకు బిషప్ కావాలి. కాంగ్రిగేషనల్ వారికి కూడిన విశ్వాసులే పెద్ద. ప్రెస్బిటేరియన్లకు పెద్దల సభ, మెథడిస్టులకు కాన్ఫరెన్సు. చివరికి కుదిరింది ఇది: బిషప్ ఉంటారు, నియమావళికి లోబడి ఉంటారు; బిషప్ చేతులు పడని పాత గురువులకు మళ్లీ పట్టం అక్కర్లేదు. ఈ మాట తేలడానికి 28 ఏళ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఐక్యత జరిగేనాటికి అజరయ్యగారు లేరు. 1945 జనవరి 1న కన్నుమూశారు.

ఆయన డయాసిస్‌లోనివారమే అయినా, మా నంద్యాలవాళ్లు అప్పుడు కలవలేదు. ఆ పాత గురువుల సంగతే మింగుడుపడలేదు.

మా మేనత్తను జమ్మలమడుగు ఇచ్చారు. మామయ్యది లండన్ మిషన్ కుటుంబం, 1947లోనే ఐక్యతలో చేరినవారు. ఒక క్రిస్మస్‌కు మా ఊరొచ్చి సంస్కారానికి మోకరిస్తే, అయ్యగారు ఆయన్ను దాటి పక్కవారికి రొట్టె ఇచ్చారు. ఆయనకు బిషప్ నిర్ధారణ లేదట. మామయ్య ఏమీ అనలేదు. భోజనానికి మాత్రం కూర్చోలేదు. వంట చేసిన నాయనమ్మ ఆ సంగతి చాలా ఏళ్లు చెప్పుకుంది.

1963లో మాకంటూ డయాసిస్ వచ్చింది. 1970లో, దక్షిణాదిన ఉంటూనే, ఉత్తర ఇండియా సంఘం కిందికి వెళ్లాం! 1975లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాం. అప్పటికి మరో 28 ఏళ్లు. కబురంపితే మామయ్య రాలేదు. "అలవాటు తప్పింది" అన్నాడు.

బిషప్పుల పటాలు హాల్లో వరసగా ఉన్నాయి. జీతం అందని నెలల్లోనూ పల్లెలు తిరిగిన ఉపదేశుల పేర్లు, బైబిల్ స్త్రీల పేర్లు మా మినిట్స్ పుస్తకంలో వెతికాను. ఒక్కటీ లేదు. పెత్తనం సంగతి తేల్చిన మనం వీరిని మరిచాం.

ఆ పేర్లు తెలిసినవారు ఆదివారం ఆరాధన అయ్యాక కార్యదర్శిగారికి చెప్పండి.