గోధుమరంగు సిరా: అభిలేఖాలు చెప్పే చరిత్ర

న్యూఢిల్లీ జన్‌పథ్‌లోని జాతీయ అభిలేఖాలయంలో ఈస్టిండియా కంపెనీ నాటి దస్తావేజులను పరిశీలించే వారి దృష్టిని మొదట ఆకర్షించేది అక్షరాల గోధుమ వర్ణమే. ఆనాటి లేఖకులు ఆ రంగును కోరి ఎంచుకున్నారని భావించడం సహజం. కాని వాస్తవం వేరు. వారు వ్రాసింది నల్లని సిరాతోనే. దానిని గోధుమ వన్నెకు మార్చినది కాలం. నేడు ఫౌంటెన్ పెన్ ప్రియులు సీసాలలో కొనుక్కునే గోధుమ, సెపియా సిరాల ఆకర్షణకు మూలం ఈ పాతదనపు స్మృతియే.

ఐరోపాలో మధ్యయుగాల నుండి 19వ శతాబ్ది వరకు ప్రధానంగా వాడుకలో ఉన్నది మాచికాయ సిరా. మాచికాయల కషాయంలోని టానిన్‌కు అన్నభేదిని, తుమ్మజిగురును చేర్చి దానిని తయారుచేసేవారు. వ్రాసిన కొద్దిసేపటికి గాలి సోకి అక్షరం నల్లబడి, కాగితపు నారలో ఇంకిపోయేది. ఈ రసాయన చర్య తెలుగువారికి అపరిచితమైనది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ ద్రావణంలో తడిపి ఆరబెట్టిన వస్త్రంపై, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టి తీసిన ద్రవంతో గీతలు గీస్తారు. కలం తాకిన చోట గీత నల్లబడుతుంది. అక్కడ వస్త్రం, ఇక్కడ కాగితం. ఇనుముకూ టానిన్‌కూ గల సంబంధం మాత్రం ఒక్కటే.

అయితే ఈ సిరాలోనే దాని వినాశనబీజం కూడ ఉన్నది. పాళ్ళు కుదరక అన్నభేది అధికమైనప్పుడు మిగిలిపోయిన ఇనుము, ఆమ్లము కలిసి కాగితాన్ని తినివేస్తాయి. నలుపు క్రమంగా గోధుమగా మారుతుంది. అక్షరమున్న చోట కాగితం పెళుసై, కొన్ని పుటలలో అక్షరాకారంలోనే రాలిపోతుంది. అంటే అభిలేఖాలయంలో కనిపించే గోధుమరంగు అలంకారం కాదు, వ్యాధిలక్షణం.

భారతీయ సంప్రదాయం ఇందుకు భిన్నమైనది. దీపపు మసిని జిగురుతో నూరి చేసిన సిరాలో రంగునిచ్చేది బొగ్గుపొడి. అది వెలుతురుకు వెలిసిపోదు, గాలికి మారదు. మన తాళపత్రాలపై గంటంతో గీసిన అక్షరాలకు పూసినదీ మసియే. తడి తగిలితే చెదిరే స్వభావం ఈ సిరాకున్నా, రంగు మాత్రం శతాబ్దాల తరబడి నిలిచింది.

సెపియా కథ మరొకటి. సెపియా అన్నది సముద్రజీవి అయిన కటిల్ చేపకు గ్రీకు, లాటిన్ భాషలలో ఉన్న పేరు. ఆయుర్వేదంలో వాడే సముద్రఫేనం ఈ ప్రాణి శరీరంలోని పెంకే. శత్రువు ఎదురైనప్పుడు అది వెదజల్లే ముదురు ద్రవం నుండి తీసిన వర్ణకాన్ని 18వ శతాబ్ది చివర నుండి ఐరోపా చిత్రకారులు విరివిగా వాడారు. తరువాత ఛాయాచిత్రాలలోని వెండిని గంధక సమ్మేళనంగా మార్చి గోధుమ వన్నె తెచ్చే పద్ధతికీ ఆ పేరే స్థిరపడింది. ఆ ఛాయాచిత్రాలలో కటిల్ చేప లేదు. నేటి సెపియా సిరాలలోనూ సాధారణంగా ఉండదు. వాటిలో ఉన్నవి నీటిలో కరిగే కృత్రిమ రంగులు. పలు రంగుల మిశ్రమంతో గోధుమ వన్నె ఏర్పడినప్పుడు, వాటిలో ఒకటి ముందుగా వెలిసిపోతే అక్షరం వన్నెయే మారిపోతుంది. నీరు పడితే కొన్ని సిరాలు పూర్తిగా కొట్టుకుపోతాయి.

ప్రభుత్వ వ్యవహారాలలో సిరా ఎంపికకు కట్టుబాట్లు ఏర్పడడానికి కారణం ఇదే. భారతీయ ప్రమాణాల సంస్థ ఇనుము, టానిన్‌లతో కూడిన శాశ్వత నీలి-నలుపు సిరాకు ఐ.ఎస్. 220 అనే ప్రమాణాన్ని, రంగు సిరాలకు ఐ.ఎస్. 1221ను నిర్దేశించింది. రెండవదానిలో పేర్కొన్న రంగులు నీలం, ఆకుపచ్చ, ఊదా, నలుపు, ఎరుపు. గోధుమకు చోటు లేదు. కేంద్ర సచివాలయ కార్యాలయ విధాన కరదీపిక ప్రకారం దస్త్రాలపై వాడవలసినవి నలుపు, నీలం సిరాలు. ఆకుపచ్చ, ఎరుపు సిరాలను అరుదైన సందర్భాలలో సంయుక్త కార్యదర్శి, ఆ పై స్థాయి అధికారులు మాత్రమే వాడవచ్చు. ఆ విధంగా అభిలేఖాలయంలో అడుగడుగునా కనిపించే రంగుకు ఆ అభిలేఖాలు పుట్టే కార్యాలయంలో ప్రవేశం లేకపోయింది.

సిరాకు స్వాతంత్ర్యోద్యమంతోనూ అనుబంధమున్నది. గాంధీజీ ప్రోత్సాహంతో రాజమండ్రిలో కె.వి.రత్నం స్వదేశీ కలాన్ని రూపొందించగా, 1935లో గాంధీజీ దానిని మెచ్చుకుంటూ ఆయనకు లేఖ వ్రాశారు. స్వదేశీ సిరాగా 1934లో బెంగాల్‌లో ఆరంభమైన సులేఖ, మధ్యలో మూతపడినా, 2020లో ఫౌంటెన్ పెన్ సిరాలను తిరిగి మార్కెట్లోకి తెచ్చింది.

వ్రాతను కాపాడే బాధ్యతను కూడ ఢిల్లీ సంస్థలు స్వీకరించాయి. శిథిల పత్రాలకు ఇరువైపులా పలుచని పొర, టిష్యూ కాగితం పరచి, యంత్రం లేకుండా అసిటోన్‌తో చేతితోనే అతికించే పద్ధతిని జాతీయ అభిలేఖాలయం రూపొందించింది. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేతితో వ్రాసిన రాజ్యాంగ మూలప్రతిని పార్లమెంటు గ్రంథాలయంలో జడవాయువు నింపిన పెట్టెలో భద్రపరచారు. ఆ పెట్టెల రూపకల్పనలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, అమెరికాకు చెందిన గెట్టీ పరిరక్షణ సంస్థ పాలుపంచుకున్నాయి.

కనుక గోధుమ సిరాను ఎంచుకునేవారు దాని వన్నెతోపాటు తమ వ్రాత ప్రయోజనాన్ని కూడ ఆలోచించాలి. మిత్రునికి వ్రాసే ఉత్తరానికి, కవితకు, దినచర్యకు ఆ రంగు ఎంతో సొగసునిస్తుంది. కాని ఒకరి భూమి హక్కును, ఒకరి ఉద్యోగాన్ని, ఒక ఒప్పందాన్ని నిర్ణయించే పత్రానికి సొగసు చాలదు. నూరేళ్ళ తరువాత ఒక పౌరుడు తన హక్కును నిరూపించుకోవడానికి ఆ కాగితాన్నే వెదుక్కుంటూ రావచ్చు. ఆనాడు అతనికి కావలసింది అక్షరం చదవగలిగేలా ఉండడమే. పాతదనపు వన్నెను తెచ్చిపెట్టుకోనవసరం లేదు. కాలం దానిని ఎటూ ఇస్తుంది. అంతవరకు అక్షరం నిలిచేటట్లు చూడడమే వ్రాసేవారి కర్తవ్యం.