నత్రజని జంట



తణుకు అనగానే మనకు వరిచేలు, చెఱకుతోటలు, 1947లో స్థాపింపబడిన ఆంధ్రా షుగర్సు కర్మాగారము స్ఫురించును. ఆ సంస్థయే 1980వ దశకమున ఇస్రో పరిజ్ఞానముతో రాకెట్టులకు ద్రవేంధనమును తయారుచేయ నారంభించినది. హైడ్రజీను కుటుంబమునకు చెందిన ఆ ద్రవమునందు నత్రజని పరమాణువులు రెండు ఒంటి బంధముతో కూడియుండును. అది మండునప్పుడు ఉదజని నీరగును. అంగారము బొగ్గుపులుసు వాయువగును. నత్రజని మూడు బంధముల జంటయై గాలిలో కలియును. రాకెట్టును ఎగయించు శక్తిలో కొంతభాగము ఈ జంట కుదురుటవలన వచ్చును.

ఈ జంటకు ఇంతటి బిగువేల? 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్, రెండు పరమాణువులు ఎలక్ట్రానుల జతను ఉమ్మడిగా అనుభవించుటయే బంధమని చెప్పెను. ఉమ్మడి సొత్తు వారి నేల కలిపియుంచునో అప్పటికి తెలియలేదు. 1926లో ష్రోడింగరు ఎలక్ట్రానును తరంగముగా లెక్కించు మార్గమును చూపెను. పిదప జర్మనీలో హుండు, అమెరికాలో మల్లికెను, 1929లో ఇంగ్లండున లెనార్డు జోన్సు ఆ మార్గమున నడచిరి.

చెరువులో రెండు రాళ్లు విసరినచో అలలు వ్యాపించి కలిసికొనును. శిఖరముపై శిఖరము పడినచోట నీరు పొంగును. శిఖరము పల్లముతో కలిసినచోట అణగును. ఎలక్ట్రాను సంచరించు తావునకు ఆర్బిటాలు అని పేరు. రెండు పరమాణువుల ఆర్బిటాళ్లు కలిసిన, అణువునకు రెండు ఆర్బిటాళ్లే ఏర్పడును. పొంగినదానిలో ఎలక్ట్రానులు నడుమ నిలిచి ఇరువైపులను కూర్చును, అణగినది విడదీయును.

నత్రజని జంటలో వెలుపలి ఎలక్ట్రానులు 10. వానిలో 8 కూర్చు తావులందును, 2 విడదీయు తావునందును ఉండును. మిగులు 6, అనగా మూడు బంధములు. ఆమ్లజనికి 12, అదనపు రెండును విడదీయు తావులనే చేరుటచే బంధములు రెండే. అవి చెరియొక తావున ఒంటరిగా నుండుటచేతనే ద్రవ ఆమ్లజని అయస్కాంతమునకు అంటుకొనును. లూయిస్ లెక్కకు అందని ఈ సంగతి క్రొత్త లెక్కకు సులువుగా అందినది. మల్లికెనునకు 1966లో నోబెల్ బహుమానము లభించెను.

మన పొలములపై గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. ఆ మూడు బంధములే అడ్డు. 1913లో జర్మనీలో మొదలైన ఎరువుల కర్మాగారము వానిని తెంచుటకు ఇనుప ఉత్ప్రేరకమును, తీవ్రమైన వేడిని, గొప్ప ఒత్తిడిని వాడవలసివచ్చెను. జీలుగ, పిల్లిపెసర వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు అదే పనిని నేలలోని చల్లదనమందే నిశ్శబ్దముగా నిర్వర్తించుచున్నవి. దమ్మునకు ముందు పచ్చిరొట్టను కలియదున్నిన మన పెద్దలకు ఆర్బిటాలు అను మాట తెలియదు. ఫలము మాత్రము తెలియును. కారణము తెలిసిన మనము ఆ పనిని విడువకుండుట మేలు.