అండమాన్‌లో మనవాళ్ల జాడ వెతికాం

పోస్టు పొడుగైంది, ఏమనుకోకండి. పోయిన నెల మా కాలేజీ టూర్‌లో ఎనిమిది మందిమి అండమాన్ వెళ్లొచ్చాం. అందులో ఐదుగురం ఏజెన్సీ పిల్లలమే, ఒకే హాస్టల్. మా ఇళ్లల్లో సముద్రం దాటింది మేమే మొదలు అనుకుంటూ చెన్నైలో ఓడెక్కాం. బంక్ క్లాస్, దాదాపు మూడు రోజులు. ఒకడికి వాంతులు ఆగలేదు, వాడి పేరు చెప్పనులే.

మొదలు మేమే అనుకున్నది తప్పు. మన కొండల వాళ్లు వందేళ్ల కిందటే ఆ సముద్రం దాటారు, కాళ్లకు సంకెళ్లతో.

పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు, ఆటోవాళ్లు మాత్రం ఇంకా పాత పేరే అంటున్నారు) దిగగానే అందరూ వెళ్లేది సెల్యులర్ జైలుకే. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు. సైకిల్ చక్రానికి పుల్లల్లాగా మధ్య టవర్ నుంచి ఏడు రెక్కలు. ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక రెక్క ముందుభాగం ఇంకో రెక్క వెనకభాగానికి ఎదురుగా ఉంటుంది, అంటే ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనబడదు. గది లోపలికెళ్లి తలుపేసుకుని చూశాం. గాలి కోసం పైన ఎక్కడో ఒక చిన్న కిటికీ, చెయ్యి అందదు. గడియ బయట గోడలో పక్కకు పెట్టారు, లోపలి నుంచి ఎంత చాపినా చెయ్యి పోదు. ఎద్దులు తిప్పే గానుగకు మనుషుల్ని కట్టి కొబ్బరినూనె తీయించారట. ఆ బొమ్మ దగ్గర మాలో ఎవ్వరం సెల్ఫీ దిగలేదు.

గైడ్ బాగానే చెప్పాడు. బెంగాల్ విప్లవకారులు, పంజాబ్ గదర్ వీరులు, సావర్కర్ గది, నిరాహార దీక్షలు. గంటసేపు విన్నాం. రంప మాట ఒక్కసారి కూడా రాలేదు. మా వాడు చెయ్యెత్తి "మా అల్లూరి మనుషులు కూడా ఇక్కడే ఉన్నారు కదన్నా" అన్నాడు, వాడి హిందీలో. గైడ్ నవ్వి, పేర్లు పైన పలకల మీద ఉంటాయి, చూసుకోండి అన్నాడు.

మన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇక్కడ కాస్త చెప్పాలి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టడం నేరమైంది. దానికి తోడు గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మనవాళ్లని తోలి కూలి సరిగ్గా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న సీతారామరాజును కాల్చేశారు. సినిమాలు అక్కడితో అయిపోతాయి. కాని పట్టుబడ్డవాళ్లు ఏమయ్యారు? బోనంగి పండు పడాల్‌ను అండమాన్ పంపారు. గంటం దొరను కాల్చేశారు, తమ్ముడు మల్లు దొరకు అండమాన్ శిక్ష. అదే గాం మల్లు దొర తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. మేం పదో తరగతి దాకా ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు, డిగ్రీకి వచ్చాక ఒక సార్ చెబితే తెలిసింది. ఇంకా వెనక్కి పోతే 1879 రంప తిరుగుబాటు అణిచాక కూడా కొందర్ని ఈ దీవులకే పంపారు. అప్పటికి ఈ జైలే లేదు.

టవర్‌లో పాలరాతి పలకల మీద ప్రాంతాల వారీగా పేర్లు చెక్కారు. మద్రాసు కోసం వెతుకుతూ ఉన్నాం, వెనక నుంచి జనం తోస్తున్నారు, కింద నుంచి సార్ పిలుపు. సగం కూడా చదవలేకపోయాం. ఫోటో తీస్తే వెలుగు పడి తెల్లగా వచ్చింది. ఆ బాధ ఇంకా ఉంది.

మర్నాడు రాస్ ఐలాండ్. అబర్డీన్ జెట్టీ నుంచి పడవలో పావుగంట కూడా పట్టదు. చాలా చిన్న దీవి, మన ఊరి చుట్టుకొలత అంత. బ్రిటిష్ వాళ్ల రాజధాని ఇదే. చర్చి, బేకరీ, కమిషనర్ బంగళా అన్నీ ఇప్పుడు మొండిగోడలు, మర్రి ఊడలు గోడల్ని పట్టేసుకుని ఉన్నాయి. 1941 భూకంపం, 1942లో జపాన్ వాళ్లు రావడం, దాంతో ఊరు ఖాళీ అయిపోయింది. జింకలు చేతిలో బిస్కెట్ తింటాయి. అందరూ ఫోటోల్లో పడ్డారు, మేం కూడా పడ్డాం, అబద్ధం ఎందుకు.

కాని ఆ దీవి మీదే 1863లో "అండమాన్ హోమ్" పెట్టారు. అక్కడి అసలు మనుషులు గ్రేట్ అండమానీలు. అడవి నుంచి వాళ్లని తెచ్చి ఉంచి, బట్టలు కట్టించి, "నాగరికత" నేర్పుతామన్నారు. జబ్బులు నేర్పారు. 1877లో తట్టు వచ్చి ఊళ్లకు ఊళ్లు పోయాయి. హోమ్‌లలో పుట్టిన 150 మంది పిల్లల్లో ఒక్కరూ రెండేళ్లు దాటలేదని అక్కడ పనిచేసిన బ్రిటిష్ అధికారి పోర్ట్‌మనే రాసుకున్నాడు. బ్రిటిష్ వాళ్లు వచ్చిన 1858లో వేలల్లో ఉన్నవాళ్లు 1901 లెక్కలకి 625, 1931కి 90, 1961కి 19. ఇప్పుడు స్ట్రెయిట్ ఐలాండ్ అనే దీవిలో కొద్దిమంది. బో భాష మాట్లాడే ఆఖరి మనిషి, బోవా సీనియర్ అనే ముసలమ్మ, 2010లో చనిపోయింది. ఆమెతో ఆ భాషలో మాట్లాడ్డానికి చాలా ఏళ్లుగా ఇంకెవ్వరూ లేరు.

హోమ్ అన్న మాట వినగానే మా ఆశ్రమ పాఠశాల గుర్తొచ్చిందని మాలో ఒకడన్నాడు. మేం వాడితో గొడవపడ్డాం. అన్నం పెట్టింది, చదువు చెప్పింది, దానికీ దీనికీ పోలికేంటి? నిజమే, పోలిక లేదు. కాని ఆ రాత్రి పడుకున్నాక ఇంకోటి కూడా ఒప్పుకున్నాం: ఇంటి భాష మాట్లాడితే మాకు దెబ్బలు పడ్డాయి, ఇప్పుడు అమ్మతో ఫోన్లో ఆ భాషలో మాట్లాడుతుంటే మధ్యలో మాటలు దొరకవు. ఐదుగురిలో ఇద్దరికి అసలు రాదు.

తిరిగొచ్చాక అబర్డీన్ యుద్ధ స్మారకం చూశాం. జెట్టీ పక్కనే వాటర్ స్పోర్ట్స్ దగ్గర ఉంది, టిక్కెట్టు లేదు, జనమూ లేరు. 1859 మే 17న గ్రేట్ అండమానీలు విల్లంబులతో బ్రిటిష్ స్థావరం మీదికి వచ్చారు. వాళ్ల అడవి నరికేస్తున్నారని. దూధ్‌నాథ్ తివారీ అని ఒక ఖైదీ, పారిపోయి వాళ్ల దగ్గర ఏడాది తలదాచుకున్నాడు, వాళ్ల పిల్లనే పెళ్లాడాడు. వాడే ముందుగా వెళ్లి కబురు చెప్పేశాడు. తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. వాడికి క్షమాభిక్ష దొరికింది. చింతపల్లికి అరవై మూడేళ్ల ముందు సంగతి ఇది. అడవి కోసం విల్లెత్తిన కథ మనది ఒక్కటే అనుకునేవాళ్లం.

మూడో రోజు బారాతాంగ్ సున్నపురాయి గుహల ప్లాన్. ఆ రోడ్డు జారవాల అడవి మధ్య నుంచి పోతుంది. 2002లోనే సుప్రీంకోర్టు ఆ రోడ్డు మూయమంది, ఇప్పటికీ బండ్లు వరసకట్టి పోలీసు తోడుతో పోతూనే ఉన్నాయి. ఫోటో తీయకూడదు, ఆగకూడదు. "కనబడితే లక్కే" అని బస్సు ఏజెంట్ అన్నాడు. అక్కడే మాకు తిక్క రేగింది. అరకులో మన అక్కల్ని ధింసా చీరల్లో నిలబెట్టి టూరిస్టులు ఫోటోలు తీస్తుంటే ఎలా ఉంటుందో మనకు తెలుసు. మేం ఐదుగురం రామని చెప్పాం. మిగతా ముగ్గురు వెళ్లారు, గుహలు చాలా బాగున్నాయన్నారు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

ఆ రోజు ఊరికే బజార్లో తిరుగుతూ ఒక టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. కొట్టు పెద్దమ్మ ఎక్కడివాళ్లు అని అడిగింది. ఆంధ్రా, ఆదివాసీలం అన్నాం. ఆమె లేచి రెండు చేతులూ జోడించి "జోహార్" అంది. మనం అమరులకు చెప్పే మాట, వాళ్లకు రోజూ పలకరింపు. 1918 ప్రాంతం నుంచి అడవి నరకడానికి ఛోటానాగ్‌పూర్ నుంచి తెచ్చిన ఒరాన్, ముండా, ఖరియా కూలీల సంతతి వాళ్లది, ఇక్కడ అందరూ "రాంచీవాలా" అంటారు. మీకు ఎస్టీ సర్టిఫికెట్ ఉందా అని ఆమే అడిగింది. ఉందన్నాం, దాంతోనే హాస్టల్, స్కాలర్‌షిప్ అన్నాం. వాళ్లకి లేదు. అండమాన్ ఎస్టీ జాబితాలో అక్కడి మూలవాసులే ఉన్నారు, రాంచీ వాళ్లు లేరు. జార్ఖండ్‌లో అదే ఇంటిపేరు వాళ్లకి ఉంది. మనవరాలు పన్నెండో తరగతిలో ఉందట, తర్వాత ఏం చదివించాలో మమ్మల్ని అడిగింది. మాకు తెలిసింది చెప్పాం, అది చాలా తక్కువ. టీ డబ్బులు తీసుకోలేదు.

ఇక మీకో పని. ఎవరైనా అటు వెళ్తే ఆ పాలరాతి పలకల దగ్గర పొద్దున్నే, జనం రాకముందే నిలబడండి. రంప వాళ్ల పేర్లు, ఊళ్లు ఏమేం చెక్కారో ఒక్కటీ వదలకుండా కాగితం మీద రాసుకొచ్చి ఇక్కడ పెట్టండి. ఇప్పటికే ఎవరి దగ్గరైనా ఉంటే కామెంట్లో పెట్టండి, ఆయా ఊళ్ల నుంచి మన హాస్టళ్లలో ఎవరున్నారో మేం కనుక్కుంటాం.