ఉదయగిరి కవులు, స్థలములు

ఉదయగిరి యనఁగనే చరిత్ర మెఱిఁగినవారికి శ్రీకృష్ణదేవరాయల ముట్టడియే స్ఫురించును. 1513లో నారంభమైన యా ముట్టడి 1514లో ముగిసెను. గజపతి బంధువగు తిరుమల రాహుత్తరాయఁడు చెఱఁబడెను. దుర్గమునందలి బాలకృష్ణవిగ్రహము విజయనగరమునకుఁ గొనిపోఁబడి 1515లో నచటి కృష్ణాలయమునఁ బ్రతిష్ఠింపఁబడెను. ఇది శాసనసిద్ధము. కాని విగ్రహముకంటె ముందే యీ దుర్గపుఁ గవిత్వము విజయనగరమునకుఁ దరలినది. దీనిని రెండు వాక్యములతో దాఁటివేయుట న్యాయము గాదు.

15వ శతాబ్ది యుత్తరార్ధమున నుదయగిరి ప్రభువగు బసవరాజు తమ్మరాజు కుమారుఁడు. దూబగుంట నారాయణకవి తన పంచతంత్రము నాతనికే యంకిత మొనర్చెను. బాలురకు నీతిచంద్రికను బోధించు పండితులు, చిన్నయసూరికి మూఁడు శతాబ్దులకుఁ బైఁబడి పూర్వమే యీ కథలు తెలుఁగుఁబద్యములైన సంగతి చెప్పుట మఱవరాదు.

ప్రభువుకంటె మంత్రి గంగయామాత్యుఁడు భాగ్యవంతుఁడు. శ్రీనాథుని బావమఱఁది దగ్గుపల్లి దుగ్గన యాతనికి నాసికేతోపాఖ్యానము నిచ్చెను. నంది మల్లయ, ఘంట సింగన లను జంటకవులు ప్రబోధచంద్రోదయము నిచ్చిరి. కృష్ణమిశ్రుని సంస్కృతనాటకమును వీరు శ్రవ్యకావ్యముగా మార్చిరి. ఇందలి కష్టము వైయాకరణులకే తెలియును. సంస్కృతమున వివేకమోహశబ్దములు పుంలింగములు, శ్రద్ధ స్త్రీలింగము. కావున నవి పాత్రలగుట సహజము. తెలుఁగున వివేకము, మోహము అమహత్తులు. వానిని రాజులను జేసి మాటలాడింపవలయును. ఆ క్లేశము పాఠకునకుఁ దోఁపనీయకపోవుట యీ కవుల నేర్పు.

మల్లయ మేనమామ, సింగన మేనల్లుఁడు. ఈ యిరువురే పిమ్మట వరాహపురాణమును రాయల తండ్రి యగు తుళువ నరసనాయకున కంకిత మిచ్చిరి. సింగనకు మలయమారుతుఁ డని బిరుదు. ఆ మలయమారుతుని మేనల్లుఁడే పారిజాతాపహరణకర్త నంది తిమ్మన. ఆతని కృతిపతి సాక్షాత్తు కృష్ణరాయలు. కావున రాయలు దుర్గమును గైకొనుటకుఁ బూర్వమే యిచటి జంటకవులు తుళువవంశమునకుఁ గృతికర్తలైరి. భువనవిజయవైభవమునం దుదయగిరికిఁ గల పాలు కేవలము పరాజయముగా గణింపఁబడుట శోచనీయము.

ఈ స్థలములఁ జూడఁగోరువారు నెల్లూరినుండి యాత్మకూరు మీఁదుగాఁ బోవుదురు. ఆత్మకూరిలో భుజించి బయలుదేఱుట మేలు. మూఁడువేల యడుగుల కొండ నెక్కువారు త్రాగునీరు వెంటఁ గొనిపోవలయును. ఇది మెట్టసీమ. శ్రీనాథుఁడు పలనాటి జొన్నకూటిని నిందించెనని చాటువులు గలవు. ఆయన బావమఱఁదికి నీ మెట్టసీమ యన్నము రుచించినట్లే తలంపవలయును, కృతి నిచ్చినాఁడు గదా. ఊర నేఁటికిని గొయ్యగరిటెలు చెక్కు పనివారు కలరు. కొండపై శిథిలాలయములతోడఁ గుతుబుషాహీల నాటి మసీదును, బారసీకశాసనమును గాననగును.

దూబగుంట యను గ్రామము కలిగిరి మండలములో నున్నది. 1992లో నచటి స్త్రీలు సారా యంగడి నెదిరించి నిలిచిరి. ఆ యుద్యమము జిల్లా యంతటను వ్యాపించి, 1993లో రాష్ట్రమున సారా నిషేధింపఁబడెను. పంచతంత్రకవి యింటిపేరు నేఁడు లోకము నోట నిలిచినది యా స్త్రీలవలననే.