కోరంగి రేవు నుంచి మారిషస్ జనాభా లెక్కల దాకా

మారిషస్ దీవికి ఆదిమవాసులంటూ లేరు. నేడు అక్కడున్న వారందరి పూర్వీకులూ ఎక్కడినుంచో ఓడెక్కి వచ్చినవారే. చెరకు తోటల్లో చాకిరీకి ఫ్రెంచివారు ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి బానిసలను తెచ్చారు. 1810లో దీవి ఆంగ్లేయుల వశమైంది. 1835లో బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించుకున్నారు. 1861 నాటికే దీవి జనంలో సగానికి పైగా భారతీయులు.

వారిలో ఎక్కువమంది కలకత్తా రేవులో ఓడెక్కిన భోజ్‌పురి ప్రాంతాలవారు. తెలుగువారిది చిన్న వాటా. వారు ప్రధానంగా గంజాం, విశాఖ, గోదావరి మండలాల జనం. 1843లో ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ కోరంగి రేవు నుంచి కూలీలతో బయలుదేరింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి అప్పటికి ఇంకా నాలుగేళ్లుంది. 1832–33 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ తీరానికి అప్పటికింకా పచ్చి గాయాలు.

వెళ్లినవారి ఆనవాళ్లు మారిషస్‌లో మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచిన వలస రిజిస్టర్లలో ఉన్నాయి. మనిషికి ఒక వరుస: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, ఒంటిమీది గుర్తులు. ఊరూ కులమూ వేరువేరుగా నమోదైన ఈ మనుషులందరినీ దీవి జనం కోరంగీలనే ఒక్క పేరుతో పిలిచారు. 1968లో స్వతంత్ర మారిషస్ రాజ్యాంగం జనాన్ని హిందువులు, ముస్లింలు, చైనా మూలాలవారు, సాధారణ జనాభా అని నాలుగుగా విభజించింది. తెలుగువారు హిందువుల పద్దులో చేరారు. 1972 తర్వాతి జనగణనల్లో ఆ నాలుగు వర్గాల ప్రశ్నే లేదు.

అయినా తెలుగు సమాజం తన ఉనికిని నిలుపుకుంది. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనం అక్కడ నేటికీ సాగుతున్నాయి. ఉగాది జాతీయ సెలవు దినం. ఇళ్లలో మాట క్రియోల్‌కు మారినా, కొలిచే దైవం ఉత్తరాంధ్ర కొండమీది అప్పన్నే.

ఒక దేశపు జనాభా కూర్పును కరువులు, రేవులు, చక్కెర ధరలు, గుమాస్తాల రిజిస్టర్లు కలిసి నిర్ణయించాయి. గోదావరి చరిత్రను ఆనకట్టతోనే మొదలుపెట్టడం మనకు అలవాటు. ఆ నీళ్లు పారకముందే ఊరు విడిచినవారికీ అందులో న్యాయంగా చోటు దక్కాలి.