విశాఖపట్నంపై జపాన్ వైమానిక దాడి (1942)

రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం రేవు మీద, కాకినాడ రేవు మీద బాంబులు వేశాయి. భారత ప్రధాన భూభాగం మీద శత్రు విమానాల బాంబులు పడటం అదే మొదలు. కలకత్తాకు ఆ గతి పట్టింది డిసెంబరు 20న, ఎనిమిది నెలలు గడిచాక. పడిన బాంబులను లెక్కపెడితే ఇది చిన్న దాడే. కానీ హిందూ మహాసముద్రంలో ఆ వారం నడిచిన పెద్ద పోరులో ఇదొక తునక. ఆ పోరును వదిలేసి విశాఖ బాంబుల సంగతి ఒక్కటే చెబితే అది సగం కథే అవుతుంది.

ఇప్పుడు ఊరికి నడిబొడ్డు ద్వారకా నగర్. ఆర్టీసీ కాంప్లెక్సు, చుట్టూ దుకాణాలు, పౌర గ్రంథాలయం అన్నీ అక్కడే. 1942లో ఊరి బరువంతా రేవు పక్కన, ఇవాళ వన్‌టౌన్ అంటున్న పాత ఊళ్లో ఉండేది. జనాభా సుమారు 70 వేలు. ఆనాటి సర్కారు కాగితాల్లో ఊరి పేరు విజగపటం.

ఇంత చిన్న ఊరి మీద జపాన్ కన్ను పడటానికి కారణం రేవు. మద్రాసుకీ కలకత్తాకీ మధ్య పెద్ద ఓడలు అలల తాకిడి లేకుండా నిలవగలిగిన లోతైన రేవు విశాఖ ఒక్కటే. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ అందులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశారు. రాయపూర్ నుంచి విజయనగరానికి వేసిన రైలుమార్గం అంతకు రెండేళ్ల ముందే పూర్తయింది. దాంతో మధ్యపరగణాల మాంగనీసుకు సముద్రం దగ్గరైంది. 1939లో ఇక్కడ ‘సర్కార్స్’ అనే పేరుతో నౌకాదళ స్థావరం ఏర్పడింది. 1941 జూన్ 21న వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన నౌకా నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మనవాళ్ల పెట్టుబడితో, మన గడ్డ మీద, సముద్రాలు దాటే ఓడలు కట్టాలన్నది సంకల్పం. పునాదిరాయి పడ్డ పది నెలలకే బాంబులు పడ్డాయి.

రంగూన్ నుంచి మొదలైన భయం

విశాఖకు యుద్ధం విమానాల కంటే ముందు మనుషుల రూపంలో వచ్చింది. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల కూలీలు వేలాదిగా పనిచేసేవారు. బర్మావాళ్లు వాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. గోదావరి ముఖంలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన పాతరోజుల గుర్తు ఆ పేరు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యాయి. ఓడ దొరికినవాళ్లు ఓడల్లో, దొరకనివాళ్లు అరకాన్ మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా కాలినడకన లక్షల సంఖ్యలో బయల్దేరారు. దారిలో కలరాకీ మలేరియాకీ ఆకలికీ బలైనవాళ్లు వేలల్లో ఉన్నారు. బర్మాలో ఆస్తులు పోయిన పెద్ద వ్యాపారుల గురించి చాలామంది రాశారు. ఈ తెలుగు కూలీల నడక గురించి రాసింది మాత్రం బహు తక్కువ.

మార్చి 23న జపాన్ సేనలు అండమాన్‌లో దిగాయి. బంగాళాఖాతంలో వాళ్లకు కాలుమోపే చోటు దొరికింది.

ఏప్రిల్ మొదటివారం పోరు

జపాన్ నౌకాదళం రెండు పాయలుగా వచ్చింది. అడ్మిరల్ నగుమో పెద్ద దళంలో ఐదు విమానవాహక నౌకలున్నాయి: అకాగి, సోర్యు, హిర్యు, షొకాకు, జుయికాకు. పెర్ల్ హార్బర్‌ను కొట్టింది ఇదే నగుమో. ఈసారి సింహళం దగ్గర బ్రిటిష్ తూర్పు నౌకాదళాన్ని వెతికి ముంచడం ఆయన పని. రెండోది ఓజావా దళం. దక్షిణ బర్మాలోని మెర్గూయి నుంచి బయల్దేరింది. చిన్న విమానవాహక నౌక ర్యూజో, చోకాయ్ మొదలైన ఐదు భారీ క్రూయిజర్లు అందులో ఉన్నాయి. బంగాళాఖాతంలో సరుకు ఓడలను వేటాడటం, కలకత్తా రాకపోకలను తెంచడం దాని పని. రంగూన్‌కు జపాన్ సేనలను తెచ్చే ఓడలకు దీనివల్ల దారి నిర్భయమవుతుంది.

ఏప్రిల్ 4న సింహళానికి దక్షిణాన గస్తీ తిరుగుతున్న కెనడా వైమానికుడు లియోనార్డ్ బర్చాల్ నగుమో ఓడలను చూసి, కూలిపోయేలోపు వైర్‌లెస్‌లో కబురు అందించాడు. మర్నాడు, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి జరిగింది. డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ భారీ క్రూయిజర్లు ఆ రోజే మునిగాయి. తొమ్మిదో తేదీన ట్రింకోమలీ వంతు వచ్చింది. హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక, దానికి తోడున్న ఆస్ట్రేలియా ఓడ వాంపైర్ ఆ నాడు సముద్రంలో కలిశాయి. బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ మిగిలిన ఓడలను మాల్దీవుల్లోని రహస్య స్థావరం అద్దు దీవుల చాటున ఉంచి, ఆపైన పాతవాటిని తూర్పు ఆఫ్రికాకు పంపేశాడు. ఆ తరుణంలో బంగాళాఖాతానికి కాపలా లేదు.

విశాఖ మీద దాడి కొలంబో, ట్రింకోమలీ దాడుల మధ్య జరిగింది. ఓజావా తన ఓడలను మూడు గుంపులు చేశాడు. ఉత్తరపు గుంపు ఒరిస్సా తీరం వైపు, దక్షిణపు గుంపు కింది ఆంధ్ర తీరం వైపు సాగాయి. ర్యూజో ఉన్న నడిమి గుంపు మన ఎదుటికి వచ్చింది. ఆ కొద్ది రోజుల్లో మూడు గుంపులూ కలిసి 20కి పైగా సరుకు ఓడలను, లక్ష టన్నులకు పైగా ముంచాయి. యుద్ధం లెక్కలో అసలు దెబ్బ ఇదే. కలకత్తా నుంచి విడివిడిగా, తోడు లేకుండా బయటపడ్డ ఓడలు ఒకదాని వెంట ఒకటి చిక్కాయి.

విశాఖలో ఉన్న వైమానిక బలం వాపిటీ వంటి పాత రెండంతస్తుల రెక్కల విమానాలతో నడిచే తీరరక్షణ దళం. సముద్రం మీద శత్రువును కనిపెట్టడానికి అవి పనికొస్తాయి గానీ ఎదురు నిలిచి పోరాడటానికి పనికిరావు. రేవుకు తగిన కాపలా లేకుండా వదిలేసింది నాటి ప్రభుత్వం. అది తన సామ్రాజ్యాన్ని కాపాడుకోవడం గురించి ఆలోచించింది, ఈ తీరాన ఉన్న జనం గురించి ఆలోచించలేదు. బాంబులు రేవు ప్రాంతంలో పడ్డాయి. ప్రాణనష్టం కొద్దిమందికి పరిమితమైంది. రేవు మూతపడేంత నష్టమేమీ జరగలేదు.

యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది. 1919 నాటి రౌలట్ సత్యాగ్రహానికి గుర్తుగా కాంగ్రెసువారు ఏటా జరిపే జాతీయ వారం మొదలయ్యేది ఏప్రిల్ 6నే. భారత నాయకులతో ఒప్పందానికి బ్రిటన్ పంపిన క్రిప్స్ రాయబారం అప్పటికి ఢిల్లీలో కొనవూపిరితో ఉంది. ఐదు రోజుల్లో అదీ ముగిసింది.

ఊరు ఖాళీ

అసలు కష్టం బాంబుల తర్వాత వచ్చింది. జపాన్ సేనలు తీరాన దిగుతాయన్న వదంతి గాలికన్నా వేగంగా పాకింది. సామాన్లు మూటగట్టుకుని, పిల్లలను చంకనేసుకుని జనం లోపలి పల్లెలకు కదిలారు. రేవు కూలీలు వెళ్లిపోయారు. నౌకా నిర్మాణశాల పనులు కుంటుపడ్డాయి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, సి.ఆర్.రెడ్డి ఉపకులపతిగా ఉండగా, గుంటూరుకు తరలింది. కొండమీది భవనాలు సైన్యం చేతికి వెళ్లాయి. యుద్ధం ముగిసే కాలం దాకా విద్యార్థులు పరాయి కప్పుల కింద చదువుకున్నారు.

మద్రాసులో పరిస్థితి ఇంకా దారుణం. గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రభుత్వం కచేరీలను లోపలి ఊళ్లకు తరలించింది. హైకోర్టు కోయంబత్తూరుకు వెళ్లింది. బాంబులు పడితే తప్పించుకుంటాయేమోనని జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపారు. పాలకులే ముందు లేచిపోతుంటే జనం ధైర్యంగా ఎలా ఉంటారు? ఆ నెల 23న రాజాజీ మద్రాసు కాంగ్రెసు శాసనసభ్యులతో చేయించిన తీర్మానాన్ని ఈ భయం వెలుగులోనే చదవాలి. ముస్లిం లీగు వేర్పాటు కోరికను ఒప్పుకుని అయినా జాతీయ ప్రభుత్వం ఏర్పరచాలన్నది దాని సారం. అఖిల భారత కాంగ్రెసు కాదంది. రాజాజీ కాంగ్రెసు నుంచి బయటికి వచ్చారు.

బర్మా బియ్యం రాక ఆగిపోవడం అన్నిటికన్నా పేదవాడి కంచాన్ని తాకింది. తిండిగింజల ధరలు ఎగబాకాయి. 1943లో బెంగాల్‌ను మింగిన కరవుకు ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఎందుకు వెనక్కి వెళ్లారు

ఇంత గెలుపు తర్వాత జపాన్ నౌకలు ఎందుకు తిరిగిపోయాయన్నది ఈ కథలో ముఖ్యమైన ప్రశ్న. సింహళాన్ని పట్టుకుందామన్న ఆలోచన వాళ్ల నౌకాదళంలో ఉండేది. అందుకు కావలసిన బలగాన్ని ఇవ్వడానికి వాళ్ల సైన్యం ఒప్పుకోలేదు. పసిఫిక్‌లో అమెరికా బలం అప్పటికి పూర్తిగా విరగలేదు. నగుమో తూర్పుకు మళ్లాడు. మే మొదటివారంలో కోరల్ సముద్రంలో షొకాకు దెబ్బతింది, జుయికాకు తన విమానాల్లో చాలా పోగొట్టుకుంది. దాంతో జూన్‌లో మిడ్‌వే పోరుకు ఆ రెండూ అందలేదు. మిడ్‌వేలో మునిగిన నాలుగు జపాన్ విమానవాహక నౌకల్లో మూడు, అకాగి, సోర్యు, హిర్యు, రెండు నెలల క్రితం సింహళం దగ్గర ఉన్నవే. ఓజావా క్రూయిజర్లలో మికుమా కూడా అక్కడే పోయింది. విశాఖ మీదికి విమానాలను పంపిన ర్యూజో ఆగస్టు 24న తూర్పు సోలమన్ దీవుల దగ్గర మునిగింది. ప్రపంచ యుద్ధం మలుపు తిరిగిందని చెప్పే మిడ్‌వేకూ మన తీరానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని మన బడి పుస్తకాలు చెప్పవు. చెప్పాలి.

కుంటుపడ్డ నౌకా నిర్మాణశాలలో పని తిరిగి సాగింది. స్వతంత్రం వచ్చాక, 1948 మార్చి 14న, జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నీట దిగింది. 1942లో అరకొర కాపలాతో మిగిలిన ఈ రేవే తర్వాత తూర్పు నౌకాదళానికి కేంద్రమైంది.

బీచ్ రోడ్డు మీద 1971 యుద్ధ విజయ స్తూపం ఉంది, కురుసుర జలాంతర్గామి ఉంది, పిల్లలను వెంటబెట్టుకుని జనం వస్తుంటారు. 1942 గుర్తులను వెతుక్కోవాలి. పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో ఆనాడు పేలకుండా మిగిలిన జపాన్ బాంబు ఒకటి ఉంది. కోస్టల్ బ్యాటరీ (తీరపు ఫిరంగుల వరుస) అనే పేటపేరులో ఫిరంగుల మాట మిగిలింది. జాలారిపేట వైపు ఇసుకలో కూరుకుపోయిన సిమెంటు పిల్‌బాక్సు ఉంది. లోపలి నుంచి తుపాకి గురిపెట్టడానికి విడిచిన సన్నటి సందు ఇంకా సముద్రం వైపే తెరుచుకుని ఉంది.